ఉద్యోగ వీసా లేని గల్ఫ్ వలస

పని చేసేందుకు ఆ దేశం ఇచ్చిన అనుమతి చేతిలో లేకుండా పరాయి దేశంలో కూలికి దిగడాన్ని ఉద్యోగ వీసా లేని వలస అంటారు. విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరడం, ఒకరి పేరు మీద వచ్చిన వీసాతో మరొకరి దగ్గర పని చేయడం, వీసా గడువు తీరినా అక్కడే ఉండిపోవడం, ఉమ్రా యాత్రకని వెళ్ళి పని చూసుకోవడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. తెలుగు నేల మీది నుంచి ఇలాంటి వలస ఎక్కువగా సాగింది గల్ఫ్ దేశాలకు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి అక్కడ రోడ్లు, రేవులు, నగరాల కట్టుబడి మొదలైనప్పటి నుంచి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల మగవాళ్ళు సౌదీ, దుబాయి, మస్కట్ బాట పట్టారు. గోదావరి జిల్లాల నుంచి, కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వేలాది స్త్రీలు కువైట్‌కూ ఒమన్‌కూ ఇళ్ళలో పనికి వెళ్ళారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉత్తర తెలంగాణ తన బతుకుదెరువును మూడు మాటల్లో చెప్పుకుంటుంది.

వెళ్ళిన వాళ్ళందరూ చట్టాన్ని తప్పించుకోవాలని వెళ్ళినవారు కారు. తమ చేతిలో ఉన్నది ఏ వీసానో తెలియకుండా విమానం ఎక్కినవారు ఉన్నారు. సరైన వీసా మీదే వెళ్ళి, యజమాని చేసిన పనివల్ల ఒక్కరోజులో అక్రమ నివాసులైపోయినవారూ ఉన్నారు. జీతం, వైద్యం, బీమా, ఫిర్యాదు చేసే హక్కు, ఇంటికి తిరిగివచ్చే దారి, చివరికి శవం ఊరు చేరడం కూడా గల్ఫ్‌లో ఆ ఒక్క కాగితానికే ముడిపడి ఉన్నాయి. ఆ కాగితం లేకుండా పంపినవాడు ఊళ్ళోనే ఉంటాడు. జరిమానా, జైలు, బహిష్కరణ వెళ్ళినవాడికి మిగులుతాయి.

విజిట్ వీసా

"ముందుగాల విజిట్ మీద పో, ఆడికి పోయినంక వర్క్ వీసా కొట్టిస్త." గల్ఫ్‌కు మనుషుల్ని పంపే సబ్ ఏజెంటు నోట ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే. వినడానికి నమ్మేటట్టుగానే ఉంటుంది. నిజంగానే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో విజిట్ మీద వెళ్ళి, ఉద్యోగం దొరికాక అక్కడే వీసా మార్చుకున్నవారున్నారు. అయితే వాళ్ళలో చాలామంది చదువు, చేతి నైపుణ్యం, అక్కడ తెలిసిన మనిషి ఉన్నవాళ్ళు. గచ్చు పనికో తోట పనికో వెళ్ళిన మనిషికి వీసా మార్చాలంటే యజమాని డబ్బు ఖర్చుపెట్టాలి. విజిట్ మీద ఉన్నవాడు ఎలాగూ పని చేస్తూనే ఉన్నప్పుడు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? ఒక నెల, మరో నెల అంటూ జరుపుతాడు. ఈలోగా గడువు తీరిపోతుంది.

రెండు వీసాల మధ్య తేడా హైదరాబాద్‌లో విమానం ఎక్కకముందే కనిపిస్తుంది. సౌదీకి ఉద్యోగ వీసా రావాలంటే గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రంలో మెడికల్ చేయించుకోవాలి. జనం దీన్ని గామ్కా మెడికల్ అంటారు. 2023 దాకా పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ కూడా జరగాల్సి వచ్చేది. పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) గుర్తు ఉంటుంది కాబట్టి, ఈమైగ్రేట్ పోర్టల్ ద్వారా వలస అనుమతి కూడా రావాలి. జీతం, పని గంటలు, యజమాని పేరు రాసిన ఒప్పందం ఉండాలి. ఎమిరేట్స్‌లో అయితే కార్మిక మంత్రిత్వ శాఖ నమూనాలో ఉన్న ఆఫర్ లెటర్ మీద కార్మికుడు సంతకం చేశాకే వర్క్ పర్మిట్ ప్రక్రియ ముందుకు సాగుతుంది. విజిట్ వీసాకు ఇవేవీ అక్కర్లేదు. మెడికల్ లేదు, ఒప్పందం లేదు, వలస అనుమతి లేదు. వాట్సాప్‌లో వీసా, దాని వెనకే టికెట్ వచ్చేస్తాయి. పల్లె నుంచి వెళ్ళేవాడు దీన్ని సులువనుకుంటాడు. అతణ్ణి కాపాడడానికి పెట్టిన మెట్లన్నీ పక్కన పెట్టేసినందువల్లే అది అంత సులువైంది.

2000ల దశకంలో దుబాయిలో విజిట్ గడువు తీరవచ్చిన వారిని ఇరాన్‌కు చెందిన కిష్ ద్వీపానికి పంపి, కొత్త వీసా వచ్చాక వెనక్కి రప్పించే పద్ధతి బాగా నడిచింది. ఏజెంటు మాట తప్పితే ఆ దీవిలోనే వారాల తరబడి, చేతిలో డబ్బులైపోయి ఎదురుచూడాల్సి వచ్చేది. ఇరాక్‌లోని ఎర్బిల్‌కు విజిట్ మీద వెళ్ళిన తెలంగాణ కార్మికులు కూడా గడువు తీరి, జరిమానా కట్టలేక చిక్కుకుపోయారు.

ఆజాద్ వీసా

గల్ఫ్ దేశాల్లో వలస కార్మికుడి నివాసం ఒక స్థానిక యజమానికి కట్టుబడి ఉంటుంది. ఆ యజమానిని కఫీల్ అనీ, ఈ పద్ధతిని కఫాలా అనీ అంటారు. కఫీల్ తన పేరు మీద వీసాలు తీసి, పని ఇవ్వకుండా వాటిని అమ్ముకుంటే అదే ఆజాద్ వీసా. కొన్నవాడు బయట తనకు నచ్చిన చోట పని వెతుక్కోవచ్చు. అకామా, అంటే నివాస అనుమతి పత్రం, రెన్యువల్ చేసినందుకు ఏటా కఫీల్‌కు డబ్బు ముట్టజెప్పాలి. ఇలాంటి వీసా చట్టంలో ఎక్కడా లేదు. తన కార్మికుడు వేరొకరి దగ్గర గానీ సొంతంగా గానీ పని చేయడానికి యజమాని ఒప్పుకోకూడదని సౌదీ కార్మిక చట్టం 39వ నిబంధన చెబుతుంది.

అయినా దశాబ్దాల పాటు ఆజాద్ వీసాకు మంచి గిరాకీ ఉంది. కంపెనీ వీసా మీద నెల జీతానికి కట్టుబడేకంటే ఆజాద్ మీద ఎక్కువ సంపాదించవచ్చని అందరూ చెప్పుకునేవారు. పని బాగా దొరికిన రోజుల్లో అది నిజం కూడా. పట్టుబడే రోజు వస్తే మాత్రం చేతిలో ఏమీ ఉండదు. పని చేయించుకున్నవాడికి కాగితం మీద ఈ మనిషితో సంబంధమే లేదు, కాగితం మీద ఉన్న కఫీల్ ఇతనితో ఏనాడూ పని చేయించుకోలేదు. జీతం ఎగ్గొట్టారని ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? బహ్రెయిన్ 2017లో ఫ్లెక్సీ పర్మిట్ అనే పేరుతో యజమాని లేకుండా పని చేసుకునే అవకాశం ఇచ్చింది కానీ, 2022లో దాన్ని తీసేసింది.

సౌదీ 2011లో నితాఖత్ విధానం మొదలుపెట్టింది. స్థానికులకు ఎంతమేరకు ఉద్యోగాలిచ్చారన్న లెక్కన కంపెనీలకు రంగులు కేటాయించారు. ఎరుపులో పడ్డ కంపెనీ తన కార్మికుల అకామాలు రెన్యువల్ చేయించలేదు. అంటే ఏ తప్పూ చేయని కార్మికుడి అకామా, తన కంపెనీ రంగు మారినందుకే చెల్లకుండా పోయింది. 2013 ఏప్రిల్‌లో రాజు కాగితాలు సరిచేసుకోవడానికి లేదా దేశం విడిచి వెళ్ళడానికి మూడు నెలల గడువు ప్రకటించాడు, తర్వాత దాన్ని నవంబరు 3 వరకు పొడిగించారు. ఆ ఏడాది లక్షకు పైగా భారతీయులు సౌదీ విడిచి వచ్చారు. జెద్దా, రియాద్‌లలోని భారత దౌత్య కార్యాలయాల ముందు బారులు తీరిన వారిలో ఆజాద్ వీసా మీద ఏళ్ళ తరబడి బతికిన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు.

కల్లివెల్లి

గల్ఫ్‌లో కాగితాలు లేకుండా బతికే మనిషిని తెలుగు కార్మికులు కల్లివెల్లి అంటారు. ఒక మనిషి కల్లివెల్లి అయ్యే దారులు చాలా ఉన్నాయి. జీతం నెలల తరబడి ఇవ్వని కంపెనీ నుంచి బయటికి వెళ్తే, యజమాని అతను పారిపోయాడని ఫిర్యాదు నమోదు చేయిస్తాడు. సౌదీలో దీన్ని హురూబ్ అంటారు. హురూబ్ పడితే అకామా చెల్లదు, వేరే యజమాని దగ్గరికి మారడం కష్టం, మామూలు ఎగ్జిట్ మీద ఇంటికి రావడమూ కుదరదు. పట్టుబడితే తర్హీల్‌కు, అంటే దేశం నుంచి పంపించేసే నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్తారు. ఆ ఫిర్యాదును సవాలు చేసే అవకాశం చట్టంలో ఉన్నా, అరబీ రాని, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్న మనిషికి అది అందదు. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడం చట్టరీత్యా తప్పే. అయినా మానినవాళ్ళు తక్కువ.

కంపెనీ కుప్పకూలినా ఇదే గతి. 2016లో సౌదీలో నిర్మాణ కంపెనీలు దెబ్బతిన్నప్పుడు జెద్దా క్యాంపుల్లో వేలమంది భారత కార్మికులు నెలల జీతం లేకుండా, అకామాలు తీరిపోయి, అన్నానికి కూడా ఇబ్బంది పడ్డారు. భారత ప్రభుత్వం విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్‌ను అక్కడికి పంపింది. వాళ్ళందరూ సరైన ఉద్యోగ వీసా మీదే వెళ్ళినవాళ్ళు. వీసా సరిగా ఉంటే చాలు అన్న భరోసా కూడా పూర్తి నిజం కాదని ఆ క్యాంపులు చూపించాయి. ఒక్క తేడా మాత్రం ఉంది: కాగితం మీద వాళ్ళకొక యజమాని ఉన్నాడు కాబట్టి రాయబార కార్యాలయం ఆ కంపెనీ పేరున క్లెయిములు నమోదు చేయగలిగింది. కల్లివెల్లికి ఆ దారి కూడా లేదు.

కల్లివెల్లి దినచర్య చూస్తే అతని పరిస్థితి తెలుస్తుంది. తెల్లవారకముందే కూలి అడ్డా దగ్గరికి చేరాలి, పోలీసు బండి కనిపిస్తే సందుల్లోకి పోవాలి. సాయంత్రం కూలి చేతికి వచ్చేదాకా నమ్మకం లేదు. మేస్త్రీ రేపు ఇస్తానంటే ఊరుకోవాలి, ఎదురు తిరిగితే పట్టిస్తానంటాడు. బ్యాంకు ఖాతా తెరవడానికి లేదు, కాబట్టి డబ్బు హుండీ అనే అనధికార దారిలోనే ఇంటికి పంపాలి. సిమ్ కార్డు ఇంకొకరి పేరు మీద ఉంటుంది. గది అద్దె ఇంకొకరి పేరు మీద ఉంటుంది. జ్వరమొస్తే మెడికల్ షాపు గోలీలే గతి. ఇంట్లో తండ్రి పోయాడని ఫోనొచ్చినా బయల్దేరడానికి లేదు.

అప్పు

అక్రమ వలసను పోలీసు సమస్యగానే చూసేవారు మరిచిపోయే సంగతి అప్పు. వీసా తప్పని తెలిసిన రోజునే మనిషి తిరిగివస్తే నష్టం టికెట్టుతో పోతుంది. అప్పు అతన్ని రానివ్వదు. నూటికి మూడు రూపాయల మిత్తికి లక్షా యాభై వేలు తెచ్చి ఏజెంటుకు ఇచ్చాడనుకుందాం. నెలకు మిత్తి 4,500. రెండేళ్ళకు మిత్తే 1,08,000. అసలు అలాగే ఉంటుంది. ఇంటి దగ్గర పొలం కాగితాలో పుస్తెలతాడో కుదువలో ఉన్నవాడు, "తప్పు వీసా అని తేలింది, తిరిగొచ్చిన" అని ఊళ్ళో నిలబడి చెప్పలేడు. ఇంకొన్నాళ్ళు చూద్దాం అనుకుంటూ గడువు దాటిస్తాడు.

భారత చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంటే మొత్తం 35,400. అది కూడా రసీదు మీద తీసుకోవాలి. ఎమిరేట్స్ చట్టం నియామక ఖర్చులు యజమానే భరించాలంటుంది. పల్లెలో చేతులు మారే మొత్తం మాత్రం దీనికి చాలా రెట్లు ఉంటుంది, రసీదు అసలే ఉండదు. తిరిగొచ్చాక ఠాణాకు వెళ్తే ఎస్సై అడిగే మొదటి ప్రశ్న, డబ్బు ఇచ్చినట్టు ఆధారమేదని.

జరిమానాలు, నిర్బంధం, వేలిముద్రలు

ఎమిరేట్స్‌లో గడువు మీరిన ప్రతి రోజుకూ 50 దిర్హాములు జరిమానా. రోజు లెక్కన చూస్తే చిన్నదే. ఏడాదికి 18,250 దిర్హాములవుతుంది. నెలకు వెయ్యి దిర్హాములు సంపాదించే మనిషి తినకుండా దాచినా ఏడాదిన్నర జీతం. కువైట్ 2025 జనవరి నుంచి విజిట్ వీసా గడువు మీరినవారికి రోజుకు 10 దినార్లు, గరిష్ఠంగా 2,000 దినార్లు జరిమానా పెట్టింది. జరిమానా కట్టకుండా విమానం ఎక్కనివ్వరు, కట్టడానికి సంపాదించాలంటే ఇంకా అక్రమంగా పని చేయాలి. చాలామంది ఏళ్ళకేళ్ళు ఆగిపోయేది ఇక్కడే.

అక్రమంగా పని ఇచ్చిన యజమానికీ శిక్ష ఉంది. ఎమిరేట్స్ 2024లో ఆ జరిమానాను లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా పెంచింది. ఇది మంచిదే. కాకపోతే దాడి జరిగిన రోజున యజమాని జరిమానా కట్టి వ్యాపారం చేసుకుంటాడు, కార్మికుడు మాత్రం నిర్బంధ కేంద్రానికి వెళ్తాడు. పట్టుబడినవారి వేలిముద్రలు, కంటిపాప ముద్రలు తీసుకుంటారు. ఆ తర్వాత పేరు మార్చి కొత్త పాస్‌పోర్టు తీసుకున్నా లాభం లేదు. విమానాశ్రయంలో యంత్రం పట్టేస్తుంది. మొదటిసారి తప్పు వీసా మీద వెళ్ళినందుకు, రెండోసారి సరైన ఉద్యోగం దొరికినా ఆ దేశం గడప తొక్కలేని స్థితి వస్తుంది.

పని చేస్తూ గాయపడితే అసలు దెబ్బ తెలుస్తుంది. సౌదీలో పని ప్రమాదాలకు సామాజిక బీమా ఉంది, ఎమిరేట్స్‌లో 2009 నుంచి జీతం బ్యాంకు ద్వారానే చెల్లించే వేతన రక్షణ వ్యవస్థ ఉంది. ఇవన్నీ రిజిస్టరులో పేరున్న కార్మికుడికి. భారత ప్రభుత్వం 2003లో మొదలుపెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి పది లక్షల రూపాయలిస్తుంది. ప్రీమియం రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వలస అనుమతి తీసుకుంటే ఈ పాలసీ దానితోపాటే వస్తుంది. విజిట్ మీద వెళ్ళినవాడికి ఆ అనుమతే లేదు కాబట్టి పాలసీ కూడా ఉండదు. కొన్ని వందల రూపాయల ప్రీమియం కట్టనందుకు ఒక కుటుంబం పది లక్షలు కోల్పోతుందన్నది ఇప్పటికీ గల్ఫ్ పల్లెల్లో చాలామందికి తెలియదు.

ఇళ్ళలో పనిచేసే స్త్రీలు

కువైట్‌లో కంపెనీ కార్మికులది 18వ నంబరు వీసా, ఇంటి పనివాళ్ళది 20వ నంబరు. ఇంటి పని చేసే స్త్రీని అక్కడ ఖద్దామా అంటారు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ఇంటి పనికి వెళ్ళాలంటే ముప్పై ఏళ్ళు నిండాలని భారత నిబంధన. 2016 ఆగస్టు నుంచి వాళ్ళ నియామకాన్ని ప్రైవేటు ఏజెంట్ల చేతి నుంచి తీసి ప్రభుత్వ సంస్థలకే అప్పగించారు. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్. స్త్రీల రక్షణ కోసమే ఈ నిబంధన తెచ్చారు. కానీ ఏజెంట్లు దాన్ని విజిట్ వీసాతో దాటేశారు. ఇరవై ఐదేళ్ళ మనిషిని దుబాయికో మస్కట్‌కో విజిట్ మీద పంపి, అక్కడి ఏజెన్సీ ద్వారా ఇంట్లో పెట్టించడం మొదలైంది. నిబంధన పెరిగిన కొద్దీ దాని బయట నిలబడ్డ స్త్రీల ప్రమాదం కూడా పెరిగింది. రక్షణ పేరుతో తలుపు వేసేముందు, వెళ్ళక తప్పనివాళ్ళు ఏ దారిన వెళ్తారో ఆలోచించి ఉండాల్సింది.

ఇలా వెళ్ళిన స్త్రీ పని చేయలేనంటే, ఇంటివాళ్ళు చెప్పే మాట ఒకటే: నీ కోసం ఏజెన్సీకి డబ్బు కట్టాం, అది తిరిగిచ్చి వెళ్ళు. ఆ డబ్బు ఆమె చూసి కూడా ఉండదు. ఏజెన్సీ ఆమెను మరో ఇంటికి, అక్కడి నుంచి ఇంకో ఇంటికి పంపుతుంది. కువైట్ 2015లో ఇంటి పనివాళ్ళకు ప్రత్యేక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక సెలవు, నెలకు కనీసం 60 దినార్లు ఇవ్వాలి. ఆ చట్టం అండ కావాలంటే ముందు ఆ దేశపు రికార్డులో ఇంటి పనిమనిషిగా నమోదై ఉండాలి. తన వీసా మీద తాను అతిథి అని ఉన్న స్త్రీ ఏ హక్కు అడుగుతుంది? ఫోను లాక్కుంటే ఊళ్ళో పిల్లలకు అమ్మ గొంతు నెలల తరబడి వినిపించదు. గోదావరి జిల్లాల్లో, రాయలసీమలో కలెక్టర్ కార్యాలయాలకు వచ్చే ఇలాంటి అర్జీలతో పాటు, ఆ స్త్రీ చివరిసారి పంపిన వాయిస్ మెసేజ్ ఉన్న ఫోనును కూడా కుటుంబం పట్టుకొస్తుంది.

శవం ఊరు చేరడం

గల్ఫ్‌లో చనిపోయిన మనిషిని ఇంటికి తేవడానికి పోలీసు నివేదిక, ఆసుపత్రి మరణ పత్రం, కుటుంబం రాసిచ్చిన సమ్మతి, కాన్సులేట్ నిరభ్యంతర పత్రం కావాలి. పాస్‌పోర్టు, వీసా రద్దు కావాలి. తర్వాత శవం చెడిపోకుండా మందులు ఎక్కించి, పెట్టెలో పెట్టి కార్గోలో పంపాలి. ఈ పనుల్లో చాలావాటికి యజమాని సంతకం, యజమాని డబ్బు అవసరం. అన్నీ సవ్యంగా ఉన్నా రోజులు పడుతుంది.

కల్లివెల్లి చనిపోతే ఆ సంతకం పెట్టేవాళ్ళు ఉండరు. కఫీల్ ఎవరో రికార్డులో వెతకాలి. పారిపోయాడని ఎప్పుడో ఫిర్యాదు పెట్టిన కఫీల్ ఇప్పుడు ఖర్చు పెట్టనంటాడు. వేరొకరి పేరుతో బతికినవాడైతే అతనెవరో తేల్చడానికే వారాలు పడుతుంది. మార్చురీలో నెలల తరబడి ఉండిపోయిన శవాలున్నాయి. ఇంటి దగ్గర దినకర్మ చేయాలా వద్దా అని తేల్చుకోలేని భార్య, శవం రాకుండానే తలకొరివి ఎవరు పెట్టాలని వాదించుకునే బంధువులు, చనిపోయినట్టు పత్రం లేక వితంతు పింఛను రాని ఇల్లు: ఇవన్నీ వీసా సమస్య లెక్కల్లో ఎక్కడా కనిపించవు. అసలు శవమే రాక, అక్కడే ఖననం చేయడానికి సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేసిన తల్లిదండ్రులూ ఉన్నారు.

2009లో ఏర్పడిన భారత సమాజ సంక్షేమ నిధి నుంచి రాయబార కార్యాలయాలు దిక్కులేని శవాల తరలింపునకు డబ్బు ఇస్తాయి. ఆ నిధి లేని రోజులతో పోలిస్తే ఇది పెద్ద మార్పే. శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఊరికి ఉచిత అంబులెన్సు ఏర్పాటు ఉంది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి ఐదు లక్షల రూపాయల సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఊళ్ళలోని గల్ఫ్ కార్మిక సంఘాలు, దుబాయి, రియాద్‌లలో ఉన్న తెలుగు సామాజిక కార్యకర్తలు చేసే సేవ ఈ కాగితాల వెనక కనిపించకుండా పోతుంది. ఆసుపత్రి మార్చురీకీ కాన్సులేట్‌కూ మధ్య తిరిగేవాళ్ళు చాలాసార్లు సొంత పని మానుకుని వచ్చిన డ్రైవర్లు, సూపర్‌వైజర్లు.

క్షమాభిక్ష

కొన్నేళ్ళకోసారి గల్ఫ్ ప్రభుత్వాలు జరిమానా, జైలు లేకుండా వెళ్ళిపోయేందుకు గడువు ప్రకటిస్తాయి. తెలుగు పత్రికలు దీన్ని క్షమాభిక్ష అనీ, కార్మికులు ఆమ్నెస్టీ అనీ అంటారు. ఎమిరేట్స్ 1996, 2003, 2007, 2012-13, 2018, 2024లలో ఇచ్చింది. 2024లో సెప్టెంబరు 1న మొదలైన గడువును డిసెంబరు 31 వరకు పొడిగించారు. అప్పుడు వెళ్ళిపోయినవారిపై తిరిగి రాకూడదన్న నిషేధం పెట్టలేదు, విజిట్ గడువు మీరినవారికీ వర్తింపజేశారు. సౌదీ 2017 మార్చి 29 నుంచి 90 రోజుల గడువిచ్చింది. కువైట్ 2018లో, 2020లో, 2024లో ఇచ్చింది. పాస్‌పోర్టు లేనివారికి కాన్సులేట్ ఒకసారి ప్రయాణానికి పనికొచ్చే అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. దాన్నే అందరూ ఔట్‌పాస్ అంటారు.

గడువు ఉన్నన్నాళ్ళూ అందరూ రారు. టికెట్ డబ్బు లేనివారు, కోర్టు కేసో బ్యాంకు అప్పో ఉన్నవారు, అరెస్టు చేయడానికే పిలుస్తున్నారని భయపడేవారు, ఊళ్ళో అప్పు తీరలేదని ఆగిపోయేవారు ఉంటారు. ఔట్‌పాస్ మీద వచ్చినవాడు విమానాశ్రయంలో దిగేసరికి చేతిలో ఒక సంచి తప్ప ఏమీ ఉండదు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా రాష్ట్ర ప్రభుత్వాలు టికెట్లు, అంబులెన్సులు చూస్తున్నాయి. వచ్చినవాడి అప్పు గురించి, అతనికి ఊళ్ళో దొరకాల్సిన పని గురించి ఆ శ్రద్ధ కనిపించలేదు. వచ్చినవారిలో కొందరు మళ్ళీ విజిట్ మీదే వెళ్ళడానికి ఇదే ప్రధాన కారణం.

గల్ఫ్ ఆవల

మలేసియా, థాయ్‌లాండ్ 2023 చివర్లో భారతీయులకు వీసా లేకుండానే ప్రవేశం ఇవ్వడం మొదలుపెట్టాయి. పర్యాటకులకు ఇది వరం. ఏజెంట్లకు మాత్రం వీసా అనే మాటే ఎత్తకుండా మనుషుల్ని పంపే కొత్త దారి దొరికింది. మలేసియా వలస చట్టం ప్రకారం అనుమతి లేకుండా ప్రవేశించినవారికి పదివేల రింగిట్ల వరకు జరిమానా, ఐదేళ్ళ వరకు జైలు, ఆరు బెత్తం దెబ్బల వరకు శిక్ష పడవచ్చు.

డేటా ఎంట్రీ ఉద్యోగమని టూరిస్టు వీసా మీద కంబోడియా, లావోస్, మయన్మార్ వెళ్ళిన యువకులది మరీ దారుణమైన అనుభవం. అక్కడ వాళ్ళను గోడల మధ్య బంధించి, భారతీయులకే ఫోన్లు చేసి మోసగించే సైబర్ నేరాల్లోకి దించారు. పాస్‌పోర్టు లాక్కుని, టార్గెట్ చేరకపోతే అన్నం పెట్టలేదు, కొట్టారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కంబోడియాకు యువకుల్ని పంపిన ఏజెంట్లను అరెస్టు చేశాక, ఉత్తరాంధ్ర నుంచి ఎంతమంది వెళ్ళారో బయటపడింది. 2025 మార్చిలో వైమానిక దళ విమానాలు రెండు రోజుల్లో థాయ్‌లాండ్‌లోని మేసాట్ నుంచి 500 మందికి పైగా భారతీయుల్ని తీసుకొచ్చాయి. మయన్మార్ కేంద్రాల నుంచి బయటపడ్డ తెలుగు యువకులు వారిలో ఉన్నారు. హెల్పర్ పని అని రష్యా తీసుకెళ్ళి, రష్యన్ భాషలో ఉన్న ఒప్పందంపై సంతకం పెట్టించి యుద్ధ రంగానికి పంపిన ఉదంతంలో 2024లో సీబీఐ కేసు పెట్టింది. హైదరాబాద్ యువకుడొకరు అక్కడే చనిపోయాడు.

అమెరికాలో ఈ కథ విద్యార్థి వీసా చుట్టూ నడిచింది. ఎఫ్-1 మీద ఉన్నవారు చదువు సాగుతున్న రోజుల్లో వారానికి ఇరవై గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేయవచ్చు. బయట పని చేయాలంటే సీపీటీ, ఓపీటీ లాంటి అనుమతి ఉండాలి. పెట్రోలు బంకులో, రెస్టారెంటులో క్యాష్ మీద చేసే పనికి ఏ అనుమతీ లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్న వందలాది భారతీయ విద్యార్థుల్లో తెలుగువారే అధికం. కొందరి కాళ్ళకు ఎలక్ట్రానిక్ పట్టీలు తొడిగారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు కాలేజీయే కాదని, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ అధికారులే పన్నిన వల అని తేలింది. తొలి అరెస్టుల్లో 129 మంది భారతీయులు. వారిని చేర్పించిన ఎనిమిది మంది రిక్రూటర్లపై నేరం మోపారు. తరగతులు లేని చోట ఫీజు కట్టి పని అనుమతి సంపాదించాలనుకున్న విద్యార్థుల తప్పును కాదనలేం. కానీ సీటు అమ్మిపెట్టి కమీషన్ తీసుకున్నవారు కూడా మన భాషే మాట్లాడారు. జగిత్యాలలో విజిట్ అమ్మిన సబ్ ఏజెంటుకూ వీరికీ పని తీరులో పెద్ద తేడా లేదు.

చట్టం ఎక్కడ ఆగుతోంది

భారతదేశంలో విదేశీ నియామకాలకు ఆధారం 1983 నాటి వలస చట్టం. రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ పనికి మనుషుల్ని చేర్చుకోవడం ఆ చట్టం కింద నేరం. రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. హైదరాబాద్‌లోని వలస సంరక్షణాధికారి కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. 2015లో మొదలైన మదద్ పోర్టల్‌లో విదేశంలో చిక్కుకున్నవారి తరఫున కుటుంబం అర్జీ పెట్టవచ్చు.

చట్టం వలస అనుమతి తప్పనిసరి చేసింది 18 దేశాలకు, అదీ ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారికి, అదీ ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు. పది పాసైనవాడు ఈ జల్లెడ కిందికి రాడు. విజిట్ మీద వెళ్ళేవాడూ రాడు. కంబోడియా, లావోస్, రష్యా ఆ 18 దేశాల్లో లేవు. ఈ నిబంధన పెట్టినవారు పది చదివినవాడు మోసపోడని అనుకుని ఉంటారు. సైబర్ కేంద్రాల్లో చిక్కుకున్నవారిలో డిగ్రీ చదివినవాళ్ళూ ఉన్నారు. 2019లో, మళ్ళీ 2021లో కొత్త చట్టానికి ముసాయిదాలు వెలువడ్డాయి. పల్లెలో తిరిగే సబ్ ఏజెంటుకు మాత్రం ఏ రిజిస్ట్రేషనూ లేదు. అతను తీసుకున్న డబ్బు ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న మరొకరికి వెళ్ళిందంటాడు. ఆ మరొకరి పేరు కార్మికుడు ఎన్నడూ విని ఉండడు. కేసు పెట్టినా పెద్దమనుషుల మధ్య సగం డబ్బు వెనక్కి ఇప్పించి రాజీ చేస్తారు. మిత్తి కోసం ఆ సగమూ అదే వారంలో వెళ్ళిపోతుంది, ఏజెంటు మరుసటి నెల పక్క ఊళ్ళో పాస్‌పోర్టులు పోగుచేస్తూ కనిపిస్తాడు.